మూడు వందల గ్రాములు

అడ్డకర్ర సరిగ్గా ఖున్‌షాన్ ముక్కు ముందు దిగింది. ఎర్ర చారలూ తెల్ల చారలూ వేసిన పొడుగాటి వెదురు, దాని పక్కన నారింజ రంగు కోటు తొడుక్కున్న పెద్దావిడ, ఆవిడ చేతిలో ఎర్ర జెండా. "మళ్ళీ పదింటికే అన్నయ్యా," అంది, చెప్పీ చెప్పీ అరిగిపోయిన గొంతుతో. టైము తొమ్మిదీ రెండు. తుఫానుకి విరిగిపడిన కొండచరియని బాగు చేస్తున్నారు కాబట్టి గంటకోసారి దారి తెరుస్తారు, ఆగినవాళ్ళని వదులుతారు, మూసేస్తారు. ఈ సంగతి అతనికి తెలుసు. తెలుసు కాబట్టే పూలి ఊళ్ళో ఐదున్నరకి సైకిలెక్కి బయల్దేరాడు, ఈ గేటు దాకా ముప్ఫై ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడులో ఎక్కడ ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసుకున్నాడు, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి జేబులో దాచుకున్నాడు, అరవై ఒక్కేళ్ళ వయసులో పరీక్షకెళ్ళే పిల్లాడిలా. రెండు నిమిషాలు! అవి ఎక్కడ పోయాయో కూడా తెలుసు, అదే కదా ఒళ్ళు మండించేది. ఊషె వంతెన దగ్గర వెనక చక్రంలో టిక్కు టిక్కుమని చప్పుడొచ్చింది. ఇంకెవడైనా అయితే వినబడనట్టు తొక్కుకుంటూ పోయేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఫ్యాక్టరీలో చక్రాలకి బెండు తీసి బతికినవాడు ఎలా పోతాడు? దిగాడు. సైకిలు రెయిలింగుకి ఆనించాడు. ఇరవై నాలుగు పుల్లల్నీ ఒక్కొక్కటే గోటితో మీటి విన్నాడు. కుడివైపువన్నీ ఒక శ్రుతి, ఎడమవైపువన్నీ ఒక శ్రుతి, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. ఆ టిక్కు చక్రంలోది కాదు. భార్య పావ్‌చూ నిన్న గుళ్ళోంచి తెచ్చి సీటు కింద కట్టిన రక్షరేకుది, గాలికి ఊగి సీటు గొట్టానికి కొట్టుకుంటోంది. రక్షట, రక్ష. అది ఊరికే ఉండుంటే ఈపాటికి గేటు అవతల ఉండేవాడు.

వెనకాల తెల్ల వ్యాన్ వచ్చి ఆగింది. పావ్‌చూ అద్దం దించి తల బయటపెట్టింది. "మూసేశారా?" "కనబడట్లేదూ?" "నీ కాగితంలో తొమ్మిదని రాసుకున్నావుగా?" రక్షరేకు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాడు. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో నేర్చుకున్నది ఏమన్నా ఉందంటే ఏ నిజం ఏ పూట చెప్పకూడదో తెలియడమే. ఆమె మాత్రం ఏం చేసింది పాపం, ఇవాళ ఆదివారం, ఫెంగ్‌యువాన్‌లో తన టిఫిను కొట్టుకి వారంలోకెల్లా గిరాకీ ఉన్న రోజు, దాన్ని మూసి తాళం వేసుకుని, నాలుగింటికి లేచి టీ నీళ్ళలో గుడ్లు ఉడకబెట్టి, అల్లం కషాయం ఫ్లాస్కులో పోసి, తువ్వాళ్ళూ దుప్పటీ సర్ది, పొద్దుటినుంచీ అతని వెనకాల పది మీటర్ల దూరంలో రెండో గేరులో వ్యాన్ ఈడ్చుకొస్తోంది. వ్యాన్ వెనక సీట్లు తీసేసిన చోట దుప్పటి పరిచి, దాని మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టిన తేలిక చక్రాల జత. ఇప్పుడు సైకిలుకున్నవి గాలిచక్రాలు. ఇదీ అతని పథకం, ఆరు వారాల పథకం: కింద లోయలో నున్నటి దారిలో గాలిని కోసుకుపోయే ఎత్తంచు చక్రాలు, ఇక్కడ కొండ నిటారయ్యే చోట వాటిని విప్పేసి తేలికవి. మార్చడానికి ఎంతసేపు, ఐదు నిమిషాలు. దేవుడు ఏకంగా గంట ఇచ్చాడు. గంట ఇవ్వడమే వచ్చిన చిక్కు. ఐదు నిమిషాలే ఉంటే మార్చేసేవాడు, గంటుంటే మనిషి ఆలోచిస్తాడు.

ముందు చక్రం విప్పాడు. తేలికది తెచ్చి బిగించాడు, చేత్తో తిప్పి వదిలాడు, అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. ఎంత బావుంది. అంచు వేలెడు మందం, జత మొత్తం పదకొండు వందల యాభై గ్రాములు, వంటింటి త్రాసు మీద పావ్‌చూ పిండి దులిపి మరీ తూచాడు. గాలిచక్రాలు పద్నాలుగు వందల యాభై. అంచు రెండంగుళాల ఎత్తు, కత్తిలా ఉంటుంది, దిగుడులో గాలికి ఊఁ అని పాడుతుంది, ఆ పాట వింటే వయసు ఇరవై ఏళ్ళు తగ్గుతుంది. తేడా మూడు వందల గ్రాములు. ఆ మూడు వందల గ్రాములు ఇప్పటికి రెండేళ్ళుగా అతని బుర్రలో కూచున్నాయి. రెండేళ్ళ కిందట మొదటిసారి ఈ వులింగ్ కొండ ఎక్కబోయినప్పుడు తేలికవి వేసుకున్నాడు. ఇక్కణ్ణుంచి ఎనిమిది కిలోమీటర్లు పోయాక దిగిపోయాడు. అంచు మరీ పల్చన, తొక్కిన బలమంతా చక్రం మెలికలో పోతోంది అన్నాడు, వ్యాన్ ఎక్కాడు. పోయినేడు గాలిచక్రాలు వేసుకున్నాడు. శిఖరానికి రెండే రెండు కిలోమీటర్లు, పైన జనం కేకలు కూడా వినబడుతున్నాయి, అడ్డంగాలి ఎత్తంచుని పట్టుకుని తోసేస్తోంది అన్నాడు, వ్యాన్ ఎక్కాడు. ఇది మూడోసారి. మూడోసారి కూడా వ్యాన్ ఎక్కితే సైకిలు అమ్మేస్తానని అన్నది అతనే, పావ్‌చూ అనమనలేదు. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆమె "సరే" అనేసింది. ఆమె సరే అంటే రాతి మీద చెక్కినట్టే.

గేటు దగ్గర బళ్ళు చేరుతున్నాయి, క్యాబేజీ లారీ ఒకటి, కార్లు నాలుగో ఐదో, ఖాళీ లారీలోంచి కూడా పచ్చి క్యాబేజీ వాసన, వెనకాల నలుగురు సైకిళ్ళవాళ్ళు. జెండా ఆవిడ పేరు లూబీ అట, ఈ కొండ మనిషే, వచ్చినవాళ్ళందరికీ వరసలు కలిపేస్తోంది, మడత కుర్చీ వేసుకుని వక్క నములుతూ పావ్‌చూకి అల్లం ఏ ఊరిదో అడుగుతోంది. అప్పుడే ఇద్దరూ ఒక కంచంలో తిన్నట్టు. ఆడవాళ్ళకి ఇదెలా వస్తుందో. అతను ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు పక్క స్టాండు మీద పనిచేసినవాడి భార్య పేరు కూడా తెలుసుకోలేదు. పక్క స్టాండు వాడు, అటుపక్క స్టాండు వాడు, వరసగా పద్నాలుగు స్టాండ్లు, పద్నాలుగు చక్రాలు తిరుగుతూ, పద్నాలుగు పానాలు, ఆ చప్పుడులో మాటలు వినబడవు, పుల్లల శ్రుతి మాత్రం వినబడుతుంది. హో మేస్త్రి వెనకనుంచి వచ్చి నిలబడేవాడు, చక్రాన్ని ముట్టుకునేవాడు కాదు, కళ్ళు మూసుకునేవాడు. "ఒరే, ఏడోది ఏడుస్తోందిరా," అనేవాడు. చూస్తే నిజంగానే ఏడో పుల్ల వదులు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు, ఏడుస్తోందిరా అనేవాడు, అంతే, సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. రోజుకి నలభై చక్రాలు. ఏడాదికి పదివేలు. ముప్ఫై ఒక్క ఏళ్ళకి మూడు లక్షల పైమాటే. అవన్నీ పెట్టెల్లో పడుకుని ఓడలెక్కి పోయేవి, ఫ్రాన్సుకీ ఇటలీకీ, వేసవిలో టీవీలో అక్కడి కొండలెక్కే పందేలు చూపిస్తుంటే అతను చక్రాలు చూసేవాడు. "ఎవరు గెలిచారయ్యా?" అని పావ్‌చూ అడిగేది. "ఏమో. మూడోవాడి వెనక చక్రం మాత్రం మా లైనుదే," అనేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అతని చక్రాలు రచ్చ గెలిచొచ్చాయి, ప్రపంచంలో వాటికి తెలియని కొండ లేదు. ఇంట్లో కొండ, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి దిగొచ్చే కొండ, ఆ ఒక్కటే అతనికి లొంగలేదు.

పావ్‌చూ కొట్టులో ఫ్రిజ్జు పక్క గోడ నిండా ఫోటోలు. పొద్దున్నే అట్లు తినడానికొచ్చే సైకిళ్ళవాళ్ళందరూ వులింగ్ రాయి పక్కన నిలబడి తీయించుకున్నవి, మూడు వేల రెండు వందల డెబ్భై ఐదు మీటర్లు అని రాసుంటుంది ఆ రాతి మీద. పోస్టుమాన్ ఉన్నాడు, కూరగాయల కొట్టువాడి కూతురుంది, రెండు మోకాళ్ళకీ ఆపరేషనైన స్కూలు మేష్టరున్నాడు. నడిమధ్యన ఒక ఖాళీ. నాలుగు మూలలకీ నాలుగు టేపు ముక్కలు ముందే అంటించి పెట్టింది మహాతల్లి. ఎవరైనా ఇదెవరిదని అడిగితే, అట్టు తిరగేస్తూ, "అదా, చక్రాలు ఎంచుకుంటున్నాడు," అంటుంది. కొట్టంతా నవ్వు. అతనూ నవ్వుతాడు, ఏం చేస్తాడు, సోయా పాలు పోస్తూ నవ్వుతాడు, రాత్రి ఆ టేపు ముక్కల్ని చూస్తే మాత్రం గుండెలో ఎక్కడో చురుక్కుమంటుంది.

వెనక చక్రం విప్పుదామని వంగాడు. "విప్పకండి అన్నగారూ!" అని ఒక గొంతు. నలుగురు సైకిళ్ళవాళ్ళలో ఒకడు, తైనాన్‌లో పళ్ళ డాక్టరట, నలభై ఉంటాయి, కాళ్ళు నున్నగా గీయించుకున్నాడు, హెల్మెట్ పట్టీ చివర్లు కత్తిరించేశాడు, బరువని. ఇతణ్ణి చూడగానే ఖున్‌షాన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఈ లోకంలో తనలాంటి పిచ్చివాడు ఇంకొకడున్నాడంటే అంతకన్నా ఆనందం ఏముంటుంది? డాక్టరు ఫోన్ తీశాడు, గాలి పటం చూపించాడు, నీలం బాణాలు, ఎర్ర బాణాలు. ఇవాళ శిఖరం కింద మెలికల్లో గాలి వీపు మీదనుంచి వస్తుందట, ఎత్తంచు చక్రం తెరచాపలా పనిచేస్తుందట, తొక్కే బలంలో ఆరు వాట్లు మిగులుతాయట. "కానీ బరువు?" అన్నాడు ఖున్‌షాన్ ఆశగా. "బరువూ ముఖ్యమే," అన్నాడు డాక్టరు అంతకన్నా ఆశగా. ఇక చూసుకోండి. అంచు బరువు రెట్టింపు లెక్కనా కాదా, నిటారు ఎక్కుడులో మనిషి నడక వేగంతో పోతుంటే గాలితో పనేంటి, పోనీ వేగం లేకపోయినా ఎదురుగాలి వేగం ఉంటుందిగా, అడ్డంగాలి అయితే, అడ్డంగాలికి ముందు చక్రం భయం గానీ వెనకది కాదుగా. ఇద్దరూ రోడ్డు పక్క చతికిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు, చిన్నప్పుడు గోళీకాయలు మార్చుకున్నట్టు లెక్కలు మార్చుకున్నారు. ఆఖరికి డాక్టరు మొత్తం ఫోన్‌లోకి ఎక్కించాడు, ఖున్‌షాన్ బరువెంత, ఎనభై రెండు, సైకిలెంత, ఇంకా పదహారు కిలోమీటర్లు, ఇంకా పదకొండు వందల మీటర్ల ఎత్తు. నొక్కాడు. చూశాడు. మళ్ళీ నొక్కాడు. "తేడా ఇరవై రెండు సెకన్లండీ," అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

ఎప్పుడొచ్చి నిలబడిందో, పావ్‌చూ వెనకే ఉంది, చేతిలో టీ గుడ్ల గిన్నె. "ఇరవై రెండు సెకన్లా? రెండేళ్ళ నుంచీ తల బద్దలు కొట్టుకుంటున్నది దీనికా? ఏమయ్యా, పొద్దున నువ్వు తిన్న అట్లు ఎన్నో తెలుసా? నాలుగు. గుడ్లు వేసినవి. నీ మూడు వందల గ్రాములూ అక్కడే ఉన్నాయి, చక్రంలో లేవు." డాక్టరు పక్కకి తిరిగి దగ్గాడు. లూబీ వక్క ఉమ్మి మరీ నవ్వింది. "మా ఆయనా అంతే వదినా, వలలు మారుస్తాడు, చేపలు పట్టడు." నవ్వండి, నవ్వండి. గుడ్డు వలిచి నోట్లో వేసుకున్నాడు, వేడిగా ఉప్పగా దిగింది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, గుడ్డు వల్లే. ఇరవై రెండు సెకన్లు. పోయినేడు శిఖరం ఇరవై రెండు సెకన్ల దూరంలో లేదు. రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ ఆలోచన వచ్చినంత వేగంగానూ పక్కకి నెట్టేశాడు, లేచి, నేను కాస్త దేవుణ్ణి అడిగొస్తా అన్నాడు.

రోడ్డు పక్క బండరాయి కింద మోకాలెత్తు గుడి, భూమితాతది. రోడ్డు పనివాళ్ళు పెట్టిన బిస్కెట్లు, ఒక టీ సీసా, ఆరిన అగరవత్తులు. తాత బుగ్గలు ఎర్రగా, గడ్డం తెల్లగా, ముప్ఫై ఒక్క ఏళ్ళు జీతం తీసుకుని ఇంటికొచ్చినవాడిలా తృప్తిగా కూచున్నాడు. ముందు నెలవంకల్లాంటి రెండు ఎర్ర చెక్కలు. ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే అవునని, రెండూ బోర్లా పడితే కాదని, రెండూ వెల్లకిలా పడితే దేవుడికి నవ్వొచ్చిందని. మోకాళ్ళు పటపటమంటుంటే వంగాడు, రెండు చేతుల్లో చెక్కలు పట్టుకున్నాడు, పద్ధతి ప్రకారం చెప్పుకున్నాడు, చ్యూ ఖున్‌షాన్‌ని తాతా, ఫెంగ్‌యువాన్, పాత బజారు సందు, వయసు అరవై ఒకటి, వెనక చక్రం కూడా తేలికదే వెయ్యనా? వదిలాడు. చెక్కలు రాతి మీద టకటకమని ఎగిరి పడ్డాయి. రెండూ వెల్లకిలా. నవ్వు. సరే, తాతకి ప్రశ్న అర్థం కాలేదేమో, సైకిలు సంగతి ఆయనకేం తెలుసు, వరికోతల దేవుడాయె. విడమరిచి చెప్పాడు, తాతా, తేలికది అంటే పదకొండు వందల యాభై, గాలిది అంటే రెండంగుళాల అంచు, పోనీ గాలిదే ఉంచెయ్యనా? వదిలాడు. ఒక చెక్క బోర్లా పడబోయి, ఆగి, మనసు మార్చుకున్నట్టు వెల్లకిలా తిరిగింది. మళ్ళీ నవ్వు. ఖున్‌షాన్‌కి చెవులు వేడెక్కాయి. చెక్కలు మూడోసారి తీసుకున్నాడు. మూడో ప్రశ్న ఒకటుంది. రెండేళ్ళ నుంచీ ఉంది. ఎక్కగలనా తాతా, అని. చేతులు చెక్కల చుట్టూ బిగుసుకున్నాయి. రెండూ బోర్లా పడితే? కాదని మొహం మీద చెప్పేస్తే? చెక్కల్ని నెమ్మదిగా, చప్పుడు కాకుండా, ఎక్కడివక్కడ పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అంది పావ్‌చూ. వచ్చి పక్కనే రాతి మీద కూచుంది. "నవ్వాడు." "ఎన్నిసార్లు?" "రెండుసార్లు." ఈసారి ఆమె నవ్వలేదు. గుడివైపు చూసి దణ్ణం పెట్టుకుంది, గుడ్డు పెంకులు సంచిలో వేసి ముడేసింది. "ఒక్క మాటడుగుతా చెప్పు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నీ చేతి చక్రం ఒక్కటైనా బాగాలేదని వెనక్కొచ్చిందా?" అతని వెన్ను దానంతటదే నిటారయింది. "ఒక్కటీ రాలేదు." "మూడు లక్షల్లో?" "మూడు లక్షల పైన. ఒక్కటీ రాలేదు. హో మేస్త్రి రిటైరయ్యే రోజు అందరి ముందూ చెప్పాడు." "మరి ఈ రెండు జతలకీ బెండు తీసిందెవరు?" "నేనే. ఇంకెవణ్ణి ముట్టుకోనిస్తాను?" "మరి ఒకేడు అంచు మెలిక తిరిగిందన్నావు, ఒకేడు అంచు గాలికి తోసిందన్నావు." అతను వెనక చక్రం వైపు చూశాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట వెనకటికొకడు," అంది పావ్‌చూ, కోపంగా కాదు, గుడ్డు వలిచినంత మామూలుగా. "వాడు నయం. వాడి మద్దెల వేరేవాడు చేసింది. నీ మద్దెల నువ్వే చేశావు, ఎవడూ వంక పెట్టకుండా చేశావు, ముప్ఫై ఒక్క ఏళ్ళు దాంతోనే మనం తిన్నాం. ఇప్పుడు దాన్నే ఓడంటే నాకు బావుండదు." లేచి, చీపురుతో దులుపుకున్నట్టు ప్యాంటు దులుపుకుని, లూబీ దగ్గరికెళ్ళిపోయింది.

అతను అక్కడే ఉండిపోయాడు. సిగ్గేసింది. హో మేస్త్రి వెనక నిలబడి కళ్ళు మూసుకుని, ఏడోది ఏడుస్తోందిరా, అన్నప్పటి సిగ్గు, ముప్ఫై ఏళ్ళ తరవాత మళ్ళీ అదే. చక్రం మెలిక తిరగలేదు. తను బెండు తీసిన చక్రం మెలిక తిరగదు. పోయినేడు గాలి ఉంది, నిజమే, కానీ తోసేసేంత లేదు, టోపీ కూడా ఎగరలేదు. మరి ఏమయింది? అన్నీ గుర్తున్నాయి, ఎందుకు గుర్తుండవు, గుర్తు లేవని నటించడానికే కదా ఇంత శ్రమ. తొడలు మండుతున్నాయి, ఊపిరి గొంతు దాటి దిగట్లేదు, చలి వేళ్ళ చివర్లు కొరికేస్తోంది, ఇవన్నీ అందరికీ ఉండేవే, మోకాళ్ళ ఆపరేషను మేష్టరుక్కూడా ఉండుంటాయి. మేష్టరుకి లేనిదీ తనకున్నదీ ఒకటుంది. పది మీటర్ల వెనక, రెండో గేరులో, గుర్రుగుర్రుమంటూ వ్యాన్. లోపల హీటరు. లోపల దుప్పటి, అల్లం కషాయం, రేడియోలో పాత పాటలు, పావ్‌చూ భుజం. ఒక్కసారి కాలు కింద పెడితే చాలు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. కొండ ఎంత లాగిందో తెలియదు గానీ వ్యాన్ వెనక్కి లాగింది, రెండుసార్లూ వ్యానే. వెనక పరుపు వేసుకుని పరిగెత్తేవాడు పడుకోకేం చేస్తాడు? పాపం ఆమె ప్రేమగానే వెనక వస్తోంది, అతని కోసమే కొట్టు మూసుకుని వస్తోంది, ఇరవై ఏళ్ళ పెళ్ళాం వద్దు అరవై ఏళ్ళ పావ్‌చూయే కావాలి అనిపించేంత ప్రేమ ఉప్పొంగింది అతనికి, ఆ గుడి ముందు కూచుని, ఉన్నట్టుండి. దాంతోపాటే నవ్వు కూడా వచ్చింది. రెండేళ్ళు గ్రాములు తూచాడే, పన్నెండు వందల కిలోల వ్యాన్‌ని లెక్కలో వెయ్యలేదు! తాత నవ్వడూ మరి?

లూబీ ఈల ఊదింది. "లేవండి లేవండి! ముందు లారీలు, తరవాత కార్లు, ఆఖర్న సైకిళ్ళు! గుంటల్లో కాళ్ళు పెట్టకండి!" ఖున్‌షాన్ పరిగెత్తాడు. సైకిలు ముందు చక్రం తేలికది, వెనక చక్రం గాలిది, ఒకటి సన్నగా ఒకటి లావుగా, ఒకరి చెప్పూ ఒకరి బూటూ వేసుకుని పెళ్ళికొచ్చినవాడిలా ఉంది. పళ్ళ డాక్టరు చూసి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అన్నగారూ, జత కుదర్లేదండీ!" "రెండూ నా చేతివే," అన్నాడు ఖున్‌షాన్. "కొట్టుకోవులెండి." మామూలు రోజైతే ఇలా బయటికి రావడం కన్నా చొక్కా లేకుండా రావడం మేలనుకునేవాడు. వెనక చక్రం మార్చడానికి ఇంకా రెండు నిమిషాలుంది, చేతులు ఆ పనికి పోలేదు, వ్యాన్ దగ్గరికి పోయాయి.

"పావ్‌చూ, కార్లని ముందు వదులుతున్నారు. పోతే పో. ఆగకు." "మలుపు దాటి ఆగుతాలే. నువ్వొచ్చాక వెనక వస్తా." "వద్దు. మలుపు దగ్గర కాదు. ఎక్కడా ఆగకు. నేరుగా పైకి పో." ఆమె చెయ్యి తాళం మీద ఆగిపోయింది. "పైకంటే?" "వులింగ్. రాయి దగ్గర." "దారిలో ఆకలేస్తే?" "జేబులో రెండు అరటిపళ్ళున్నాయి." "చలేస్తే?" "తొక్కితే చలెయ్యదు." "దుప్పటన్నా..." "దుప్పటి నువ్వు కప్పుకో. పైన గాలుంటుంది." పావ్‌చూ అతని మొహంలోకి చూసింది, పిండి సరిగ్గా పులిసిందా లేదా అని చూసే చూపుతో. వెనక కారువాడు హారన్ కొట్టాడు. "పడితే ఫోన్ చెయ్యి. పడకపోతే చెయ్యకు," అంది. అద్దం ఎత్తింది. మళ్ళీ దించింది. "చమురు పొయ్యవయ్యా, ఆషాన్!" అని ముద్దుపేరుతో అరిచింది, గట్టిగా తొక్కమని పొద్దుటినుంచీ దారిన పోయే ప్రతి కారువాడూ అరుస్తున్న మాటే, కానీ ఆమె అరవడం ఇదే మొదలు, ఎందుకంటే ఎప్పుడూ వెనకాలే ఉండేది, వెనకనుంచి అరిస్తే తరుముతున్నట్టుంటుందని. వ్యాన్ వెళ్ళిపోయింది, లోపల ఒక తేలిక చక్రం, ఒక గాలిచక్రం, ఫ్లాస్కు, హీటరు, అన్నీ వెళ్ళిపోయాయి, మలుపు తిరిగేటప్పుడు బ్రేకు దీపం ఒక్కసారి ఎర్రగా వెలిగింది, ఆగుతుందేమో అనుకున్నాడు, ఆగలేదు.

లూబీ జెండా ఎత్తింది. నలుగురు కుర్రాళ్ళూ రివ్వున పోయారు, డాక్టరు మలుపులో చెయ్యూపాడు, పైన ఫోటో తీస్తానని అరిచాడు. ఖున్‌షాన్ తొక్కాడు. గంటసేపు చల్లబడిన కాళ్ళు మొదట కర్రల్లా ఉన్నాయి, తరవాత కాళ్ళలా అయ్యాయి, దేవదారు వాసన, తడి మట్టి వాసన, ఎక్కడో రాళ్ళు కొడుతున్న చప్పుడు, అది కూడా పోయింది, తన ఊపిరి ఒక్కటే. ముందు చక్రం ఏ పాట పాడుతోందో, వెనక చక్రం ఏ పాట పాడుతోందో విననేలేదు. మొదటేడు దిగిపోయిన చోటు వచ్చింది, రెయిలింగుకి పసుపు రంగు, దిగాలనిపించింది, అరటిపండు తిన్నాడు, ఆ చోటు దాటిపోయింది. చెట్లు అయిపోయి గడ్డి మొదలైంది. పోయినేడు దిగిపోయిన చోటూ వచ్చింది, అక్కడ దారి గోడలా లేచి నిలబడుతుంది, తొడల్లో నిప్పులు, కళ్ళ ముందు చుక్కలు, ఇంక చాలురా ఖున్‌షాన్ చాలు, చక్రం, చక్రంలో ఏదో, అని మనసు గొణగబోయి, చక్రంలో ఏమీ లేదని నోరుమూసుకుంది, అలవాటు కొద్దీ మెడ వెనక్కి తిరిగింది. వెనకాల ఖాళీ దారి, మెలికలు మెలికలుగా, కింద మేఘం దాకా, ఎవరూ లేరు. తల ముందుకి తిప్పుకున్నాడు, నవ్వుతూ, రొప్పుతూ, ఇంకో తొక్కు తొక్కాడు. వ్యాన్ ఎక్కాలంటే ఇక వులింగ్ దాకా పోవాల్సిందే.